పాత కాలేజీ, కొత్త స్కాలర్, రాని స్టైపెండ్

బాపట్ల జిల్లా నుంచి వెళ్లి చెన్నైలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న 26 ఏళ్ల పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కాలేజీ పేరు వద్దన్నారు. అందులోని సంగతి ఇది.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చింది. నూరేళ్లు దాటిన ఒక కాలేజీలో గత ఆగస్టులో చేరారు. 1914 నుంచి 1947 దాకా మదరాసులో అచ్చయిన తెలుగు పత్రికల్లో మందుల ప్రకటనలు ఆమె అంశం. ఐదు నెలలుగా ఫెలోషిప్ డబ్బు పడలేదు. బావగారి దగ్గర 60,000 అప్పు. హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకి మూస్తారు, లైబ్రరీ మాత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. మెస్ సాంబారు పడక గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే వార్డెన్ దాన్ని పట్టుకుపోయి జరిమానా వేశారు. మేలో హాస్టల్ ఖాళీ చేయాలి. గైడ్‌గారు రెండేళ్ల చిల్లరలో రిటైరవుతారు. ఇటు చీరాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ 22,000 జీతానికి రమ్మంటోంది. "అప్పు చేసి ఆ ఊళ్లో ఉండటం దేనికే, వచ్చెయ్" అని అమ్మ. బెంగళూరు అబ్బాయి సంబంధం ఒకటి నడుస్తోంది. ఉత్తరం చివర: "ఉండాలా, వచ్చేయాలా? ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో చెప్పను. మీరు అరడజను చిక్కుల్ని తెచ్చి ఒకే ముడి వేశారు. స్టైపెండ్ రాకపోవడం కాగితాల గొడవ. గేటు టైం నిబంధనల గొడవ. గైడ్ రిటైర్మెంట్ మీరు చేరిన రోజునే తెలిసిన తేదీ. నిజంగా మీరు మనసు పెట్టి తేల్చుకోవాల్సినవి ఉద్యోగం, పెళ్లి, ఈ రెండే. మిగతావి సర్దకుండా వాటి జోలికి వెళితే, స్టవ్ తీసుకెళ్లిన వార్డెన్ మీద కోపంతో చీరాలలో ఉద్యోగంలో చేరినట్టుంటుంది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. 2023 జనవరి నుంచి ఇదే లెక్క. ఈ డబ్బు కాలేజీ ఇచ్చేది కాదు, కానీ కాలేజీ ప్రతి నెలా "ఈ స్కాలర్ పనిచేస్తోంది" అని ఫెలోషిప్ వెబ్‌సైట్ (పోర్టల్)లో చెప్పకపోతే కదలదు. ఆ చెప్పడంలో రెండు చేతులుంటాయి. ఎంట్రీ చేసేవారు మేకర్, దాన్ని ఆమోదించేవారు చెకర్. సాధారణంగా ఆఫీసులో ఒక గుమాస్తా మేకర్‌గా, ఒక సీనియర్ అధ్యాపకులో సూపరింటెండెంటో చెకర్‌గా ఉంటారు. ఇద్దరిలో ఒకరు బదిలీ అయినా, లాగిన్ మారినా, గడువు దాటాక చూసినా ఆ నెల ఆగిపోతుంది. మీ ఉత్తరంలో "ఆఫీసులో అడిగితే పంపించేశాం అన్నారు" అని ఉంది. ఏం పంపించారు? జాయినింగ్ రిపోర్టా, నెలవారీ కన్ఫర్మేషనా? రెండూ వేరు. జాయినింగ్ రిపోర్టు ఒక్కసారే వెళ్తుంది, కన్ఫర్మేషన్ మాత్రం ప్రతి నెలా పడాలి. మీ కాలేజీలో మేకర్ ఎవరు, చెకర్ ఎవరు అన్నది పేర్లతో సహా కనుక్కోండి. తర్వాత మీ ఐడీ పోర్టల్‌లో ఏ స్థితిలో ఉందో వారి స్క్రీన్ మీదే చూపించమనండి.

ఈలోగా పేరు సంగతి చూసుకోండి. తమిళనాడు ఆఫీసుల్లో మన తెలుగువాళ్లకు ఎప్పుడూ తగిలే రాయి ఇది. అక్కడ పేరు ముందు అక్షరం అంటే తండ్రి పేరు. మనకేమో ఇంటిపేరు. మీ మార్కుల మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. అడ్మిషన్ రోజున గుమాస్తా "ఇనిషియల్ ఏంటమ్మా, అప్పా పేరు చెప్పు" అని నాన్నగారి పేరులోని అక్షరం వేసి ఉంటాడు. ఆ లెక్కన ఫెలోషిప్ అవార్డు లెటర్‌లో ఒకరు, కాలేజీ రిజిస్టర్‌లో మరొకరు, బ్యాంకులో ఇంకొకరు. ముగ్గురూ మీరే, కానీ పోర్టల్‌కి ఆ సంగతి తెలియదు. అవార్డు లెటర్‌లో పేరు ఎలా ఉందో అలాగే మిగతా చోట్ల మార్పించండి. అవార్డు లెటర్‌ని మార్చే ప్రయత్నం మాత్రం చేయకండి, అది అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టే పని.

రెండోది ఆధార్. "బ్యాంకులో ఆధార్ ఇచ్చాను" అనడం వేరు, ప్రభుత్వ చెల్లింపులు పడేలా ఖాతాను ఆధార్‌కి సీడింగ్ (అనుసంధానం) చేయించడం వేరు. కేవైసీకి జిరాక్స్ ఇస్తే సీడింగ్ అయినట్టు కాదు. ఆధార్ వెబ్‌సైట్‌లోకి మీ నంబరుతో వెళ్లి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. ఒక వ్యక్తికి ఒక్క ఖాతాయే కనిపిస్తుంది. డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం చీరాలలో తెరిచి మరిచిపోయిన ఖాతా పేరు అక్కడ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

నోటిమాటగా ఎవరినీ అడగొద్దు. ఒక పేజీ దరఖాస్తు రాయండి: చేరిన తేదీ, అవార్డు నంబరు, ఏయే నెలలు రాలేదు. గైడ్, శాఖాధిపతి సంతకాలతో ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద అందినట్టు ఇన్వర్డ్ ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. పది పనిదినాలు గడిచాక ఆ నంబరు ఉదహరిస్తూ రెండోది ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే 2023 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఉండాల్సిన విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి వెళ్లొచ్చు. 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి (ఫిర్యాదులు వినే అధికారికి) అప్పీలు. ఇది మీ హక్కే. కాకపోతే కమిటీ మెట్లెక్కిన స్కాలర్‌ని ఆఫీసు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ప్రతి బోనఫైడ్ సర్టిఫికెట్‌కీ మూడుసార్లు తిప్పుతుంది. అందుకే ముందు ఆ రెండు దరఖాస్తులు. ఆగిన నెలలు పోయినట్టు కాదు, కన్ఫర్మేషన్లు పడ్డాక బకాయిగా కలిసి వస్తాయి. బావగారికి ఈ మాట చెప్పొచ్చు.

హాస్టల్ సంగతికొస్తే, స్టవ్ విషయంలో నేను వార్డెన్ పక్షం. ఇండక్షన్ స్టవ్ మీద 2,000 వాట్లని రాసి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత భవనాల గదుల్లో గోడకుండే చిన్న ప్లగ్గు 5, 6 ఆంపియర్లది. పైగా ఫ్యాన్, లైటు, ల్యాప్‌టాప్, కొన్నిచోట్ల పక్కగది కూడా అదే తీగ మీద. ఆ తీగ గోడ లోపల ఎన్నేళ్ల క్రితందో ఎవరికీ తెలియదు. ముందు ప్లగ్గు పిన్నులు వేడెక్కుతాయి, తర్వాత ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. ఆ పైన ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్టవ్ వెనక్కి అడగండి, ఇంటికి పంపించేయండి. దాని బదులు ఫ్లోరుకొకచోట 16 ఆంపియర్ల పాయింటుతో చిన్న ప్యాంట్రీ పెట్టమని స్కాలర్లంతా కలిసి అడగండి. అన్నం, చారు వండుకోవాలన్న కోరిక తప్పేమీ కాదు కదా.

గేటు విషయంలో మాత్రం మీదే న్యాయం. మగపిల్లల హాస్టల్‌కి లేని నిబంధన మీకుంటే, "భద్రత కోసం" అన్న సమాధానం చెల్లదు. లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015 నిబంధనల్లోనే ఆ మాటుంది: మహిళల భద్రత పేరుతో హాస్టళ్లలో మగవారితో పోలిస్తే వివక్ష చూపే నిబంధనలు పెట్టకూడదు. అయితే దీన్ని ఎలా వాడతారన్నది ముఖ్యం. ఆ వాక్యాన్ని మొదటి ఉత్తరంలోనే కోట్ చేస్తే వార్డెన్ తలుపు వేసేసుకుంటారు. మొదటి ఉత్తరంలో చిన్న కోరిక పెట్టండి: రీసెర్చ్ స్కాలర్లకు మాత్రం, పనిదినాల్లో, ఎనిమిదిన్నర దాకా, లైబ్రరీలో సంతకం చేసిన చీటీతో. మీరొక్కరే కాకుండా ఐదారుగురు సంతకం పెట్టండి. తల్లిదండ్రుల లెటర్ అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి. కాదంటే అప్పుడు నిబంధన బయటికి తీయొచ్చు.

పీజీకి (పేయింగ్ గెస్ట్ వసతికి) మారడం ఇంకో దారి. గేటు గొడవ కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. చెన్నైలో ఆడవాళ్ల పీజీల్లో తొమ్మిదింటికి తాళం వేసేవి చాలానే ఉన్నాయి. చేరేముందు లైసెన్సు చూపించమనండి. 2014 నాటి తమిళనాడు చట్టం ప్రకారం మహిళల హాస్టళ్లకు అది ఉండి తీరాలి. ఇక హెచ్ఆర్ఏ, అంటే ఫెలోషిప్‌తో వచ్చే ఇంటద్దె భత్యం. కేంద్ర ప్రభుత్వ లెక్కలో చెన్నై ఎక్స్ వర్గం నగరం, మొత్తం బాగానే వస్తుంది. కానీ హాస్టల్ గది ఉండి కూడా మీరే ఖాళీ చేస్తే ఆ క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. "హాస్టల్ వసతి ఇవ్వలేకపోయాం" అన్న కాగితం రాసిస్తారో లేదో తెలుసుకోకుండా అడ్వాన్సు కట్టకండి.

గైడ్ రిటైర్మెంట్ గురించి మీరు రాసినంత భయం అక్కర్లేదు. అలాగని ఊరుకోవాల్సిన విషయమూ కాదు. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లలోపు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మిమ్మల్ని తీసుకున్నప్పుడు ఆయనకు ఆ మాత్రం ఉంది, అందులో తప్పు లేదు. రిటైరయ్యాక కూడా 70 ఏళ్లు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చు. అసలు సమస్య సీట్లు. ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి ఉండకూడదు. ఆయన రిటైరైన రోజున ఆయన స్కాలర్లంతా ఒక్కసారిగా ఖాళీలు వెతుక్కుంటారు, ఆ వరసలో మీరు చివర్న నిలబడకూడదు. వచ్చే సెమిస్టర్ ప్రోగ్రెస్ ప్రెజెంటేషన్‌లోనే కో-గైడ్ పేరు ప్రతిపాదించండి. తెలుగు చదవగలిగినవారైతే మరీ మంచిది. మీ గైడ్‌కి తెలుగు రాదని రాశారు. అంటే మీరు ఉదహరించే ఒక్క ప్రకటనని కూడా మూలంతో పోల్చి చూసేవారు ఇప్పుడు లేరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, అక్కడ అడగండి. అయితే ముందు మీ గైడ్‌తో మాట్లాడాకే. ఇంకొకరి నోట వింటే ఆయనకి కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మీరు ఏడు పేజీల్లో ఎక్కడా రాయని విషయం. పని ఎంతవరకు వచ్చింది? "లైబ్రరీలో బౌండ్ వాల్యూములు చూస్తున్నాను, ప్రకటనలు తక్కువగా దొరుకుతున్నాయి" అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పెద్ద చిక్కు అదే.

ఎందుకు తక్కువో చెబుతాను. పత్రికలకు బైండింగ్ చేసేటప్పుడు అట్టల్ని, ముందూ వెనకా ఉండే ప్రకటనల పుటల్ని చింపేసి, లోపలి పుటల్ని మాత్రమే కుట్టడం పెద్ద లైబ్రరీల్లో అలవాటుగా ఉండేది. పుట సంఖ్య లేని కాగితం వాళ్ల లెక్కలో పత్రిక కాదు. మీకు కావాల్సిందేమో అదే. మదరాసు నుంచి 1928లో కె.ఎన్. కేసరిగారు మొదలుపెట్టిన గృహలక్ష్మి తీసుకోండి. లోధ్ర అనే మందు అమ్మిన కేసరి కుటీరం వారి పత్రిక అది. అమృతాంజనం స్థాపించిన నాగేశ్వరరావు పంతులుగారే 1914లో ఆంధ్రపత్రికను మదరాసుకు తెచ్చి దినపత్రిక చేశారు, 1924లో భారతి పెట్టారు. మందు, పత్రిక ఒకే చేతిలో ఉన్న కాలం. అలాంటి పత్రికలో ప్రకటనలు తక్కువగా కనిపిస్తే, లేక కాదు, కత్తిరించి ఉంటారు. కుట్టు దగ్గర వేలుపెట్టి చూడండి. అరంగుళం మేర చింపిన అంచులు వరసగా తగిలితే అర్థమైపోతుంది. ఎన్ని అంచులున్నాయో కూడా రాసుకోండి, థీసిస్‌లో అదీ ఒక ఆధారమే.

బైండింగ్ చేయని విడి సంచికలు ఎక్కువగా దొరికేది చిన్న ఊళ్ల గ్రంథాలయాల్లో, ఇళ్లల్లో. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత తెలుగు పత్రికలకు పేరుపడ్డది. చీరాల పక్కనే! మీరు చెన్నై వెళ్లి వెతుకుతున్నదాంట్లో కొంత మీ ఇంటి నుంచి ఆటో దూరంలో ఉందేమో ఒకసారి ఆలోచించండి. ముందు ఫోన్ చేసి ఏ పత్రికలు, ఏ సంవత్సరాలు ఉన్నాయో, ఫోటోకి అనుమతిస్తారో కనుక్కోండి. గైడ్ లెటర్, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి.

మే నెల హాస్టల్ మూత ఇక్కడ పనికొస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. జేఆర్ఎఫ్ వారికి ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులే సెలవు, కాలేజీ వేసవి సెలవులు మీకు వర్తించవు. హాస్టల్ మూశారని ఇంటికెళ్లి కూర్చుంటే ఆ నెల మీ సెలవు ఖాతాలో పడుతుంది. ఫీల్డ్ వర్క్‌కని గైడ్ రాతపూర్వక అనుమతితో వెళితే పడదు. ఏప్రిల్ మొదట్లోనే ఆ కాగితం తీసుకోండి. పినాకిని రైలు టికెట్లు, ఫోటోకాపీ రసీదులు దాచండి. హ్యుమానిటీస్‌కి మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000 కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల డబ్బు) ఉంది, అందులో పెట్టుకోవచ్చు.

ఫోటో తీసే పద్ధతి గురించి రెండు మాటలు. ఆ కాలపు కాగితం చెక్కగుజ్జుతో చేసింది, దానిలోని ఆమ్లమే దాన్ని తింటుంది. మడిస్తే విరుగుతుంది. వేలు తడిచేసి తిప్పకండి, దగ్గర పెన్ను పెట్టుకోకండి, పెన్సిల్ చాలు. ప్రతి సంచికకీ మొదటి ఫోటో ఒక చీటీది ఉండాలి: పత్రిక, సంపుటం, సంచిక, నెల, గ్రంథాలయం పేరు. తర్వాతే పుటలు. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన కూర్చోండి. తేదీల దగ్గర జాగ్రత్త. విభవ నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే 1928 ఉగాది నుంచి 1929 ఉగాది దాకా. దాన్ని మొత్తంగా 1928 అని రాసేస్తే పుష్యం, మాఘం సంచికల్లో చాలావరకు ఏడాది వెనక్కి పోతాయి. ప్రకటనలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాయో చూపించే పరిశోధనలో అది చిన్న తప్పు కాదు.

చెన్నైలో మీకు సాయంత్రాలు పోతున్నాయి గనక పగటి వేళల్ని గట్టిగా పట్టుకోండి. ఎగ్మోర్ స్టేషన్ ఎదుట తమిళనాడు ఆర్కైవ్స్, అక్కడికి నడిచి వెళ్లేంతలో 1896 నాటి కన్నెమరా లైబ్రరీ. వారంలో రెండు రోజులు కాలేజీకి వెళ్లకుండా నేరుగా అక్కడికే వెళ్లేలా గైడ్‌తో మాట్లాడుకోండి. ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వం తయారుచేయించిన దేశీ పత్రికల వారపు నివేదికలుంటాయి. అందులో ప్రకటనలు దొరకవు గానీ, ఏ పత్రిక ఎక్కడ, ఎవరి చేతిలో నడిచిందో పట్టుకోవడానికి సాయపడతాయి.

ఇక చీరాల ఉద్యోగం. 22,000 ఇస్తామంటున్నారు. చేరిన రోజే 37,000 ఆగిపోతుంది. జీతం తీసుకుంటూ ఫెలోషిప్ తీసుకోకూడదు, ఒకసారి వదులుకున్న జేఆర్ఎఫ్ అడిగితే మళ్లీ రాదు. పార్ట్‌టైం పీహెచ్‌డీకి 2022 నిబంధనల్లో చోటుంది. యాజమాన్యం ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి, చదువుకు తగినంత వ్యవధి ఇస్తామని అందులో రాయాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీ, పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్... ఆ కాగితం రాసిచ్చినా అమలు ఎలా ఉంటుందో మీకే తెలుసు. మరోవైపు, మీ నెట్ అర్హత ఎక్కడికీ పోదు. డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి 2023 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ చాలు. కాబట్టి పరిశోధన మీద మనసే లేకపోతే, బయటికి రావడం కూడా గౌరవమైన దారే. అప్పుడు మాత్రం జూనియర్ కాలేజీ కాదు, డిగ్రీ కాలేజీ పోస్టులు చూసుకోండి.

అమ్మగారు అప్పు చూసి భయపడుతున్నారు. బకాయి పడ్డాక ఆవిడ ఇదే మాట అంటారో లేదో చూడాలి. అప్పుడూ అంటే ఆ మాట డబ్బు గురించి కాదు, మీరు దూరంగా ఉండటం గురించి. దానికి వేరే సంభాషణ కావాలి.

సంబంధం గురించి, అబ్బాయి ఎలాంటివాడో మీరు రాయలేదు కాబట్టి నేను మాట్లాడను. చదువుకి సంబంధించినంతవరకు, పెళ్లయి ఊరు మారాల్సి వస్తే మహిళా స్కాలర్ తన పరిశోధనను వేరే విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలు ఆ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లోనే ఉంది. పాత గైడ్‌కి, సంస్థకి థీసిస్‌లో క్రెడిట్ ఇవ్వాలి. ఆరేళ్ల గడువు మీద అందరికీ దొరికే రెండేళ్లు కాక మహిళలకు మరో రెండేళ్లు, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజులు ఉన్నాయి. కానీ మార్పు కాగితం మీద ఉన్నంత తేలిక కాదు: కొత్త చోట ఖాళీ సీటున్న గైడ్ దొరకాలి, ఫెలోషిప్ అక్కడికి బదిలీ అయ్యేదాకా మళ్లీ నెలల తరబడి డబ్బు ఆగుతుంది. "పెళ్లయ్యాక చదువుకోనిస్తాం" అన్న మాట దగ్గర ఆగిపోకండి. కోర్స్ వర్క్ పూర్తయ్యేదాకా చెన్నైలో ఉంటాను, ఏడాదికి ఇన్ని వారాలు వేటపాలెంలోనో మరో ఊరి గ్రంథాలయంలోనో పనుంటుంది అని లెక్కతో సహా చెప్పి, వాళ్ల మొహాలు చూడండి.

జూన్‌లో వేటపాలెం నుంచి తిరిగి వచ్చాక మళ్లీ రాయండి. ఎన్ని విడి సంచికలకు అట్టలున్నాయో, మేకర్ ఎవరని తేలిందో, స్టవ్ వెనక్కిచ్చారో లేదో కూడా.